శృంగారసంకీర్తనార్థవిచారము: వక్త, ముద్ర

1

తాళ్లపాక అన్నమాచార్యుడు పరమపదించిన తిథి ఫాల్గుణ బహుళ ద్వాదశి. ఆ వర్ధంతి సందర్భమున ప్రతివత్సరము అలిపిరియందు పాదాల మండపమునొద్ద భజనబృందములు కూడుకొని, మెట్లకు పసుపు కుంకుమలు పెట్టి పూజించి, సంకీర్తనములు పాడుచు కొండనెక్కుట నేడు ఆచారముగా నున్నది. కొన్ని యేండ్ల క్రిందట అట్టి యొక దినమున నేనును అచ్చట నుంటిని. ఒక బృందమువారు 'ఏమొకో' అని మొదలగు ప్రసిద్ధ శృంగారసంకీర్తనమును పాడి ముగించిరి. వారిలో వృద్ధుడొకడు, నేను తెలుగు బోధించువాడనని యెరిగి, దగ్గరకు వచ్చి యిట్లడిగెను: "అయ్యవారూ, ఈ పాట మేము ముప్పై ఏండ్లుగా పాడతా ఉండాము. ఇందులో గోటినొక్కులూ చెమటలూ ఉండాయి కదా, స్వామి పాదాలకాడ పిలకాయల ముందర పాడొచ్చునా? లోపల వేరే అర్థముందని అంటారే, అదేంది?"

అందరును చెప్పు సమాధానమునే నేనును చెప్పితిని. నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ, వారి సమాగమమే మోక్షము అంటిని. ఆయన కొంతసేపు ఆలోచించి మరల ప్రశ్నించెను: "నాయిక జీవుడు, నాయకుడు దేవుడు. సరే. మరి ఈ మాటలన్నీ చెప్పే చెలికత్తె ఎవురు?"

ఆ ప్రశ్నకు నాకప్పుడు సమాధానము తోపలేదు. తరువాత తాళ్లపాకవారి సంకీర్తనములపై వెలువడిన పీఠికలను, వ్యాఖ్యలను ఈ ప్రశ్న మనస్సున నుంచుకొనియే మరల చదివితిని. నాయికానాయకులను గూర్చిన చర్చ వానియందు విస్తారముగా కలదు. మాటలాడు వ్యక్తిని గూర్చిన చర్చ మాత్రము మిక్కిలి స్వల్పము. ఈ లోపమును గుర్తించుట, శృంగారసంకీర్తనముల యర్థము వక్తృనిర్ణయముపైనను ముద్రపైనను ఆధారపడి యున్నదని నిరూపించుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

2

ముందుగా గ్రంథస్థితిని సంగ్రహముగా చెప్పవలసియున్నది. రాగిరేకులలో మొదటిదానియందలి లేఖనమును బట్టి అన్నమాచార్యుడు తన పదునారవ యేట, శకవర్షము 1346 క్రోధి సంవత్సరమున, అనగా క్రీ.శ. 1424లో, స్వామి సాక్షాత్కారమును పొంది సంకీర్తనరచనకు పూనుకొనెను. శకవర్షము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణమున, అనగా క్రీ.శ. 1503లో, పరమపదించెను. ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రతీతి. నేడు లభించినవి పన్నెండువేలకు పైబడియున్నవి.

ఈ రేకులను తొలుత విచారించిన యాధునికులలో క్యాంబెల్ దొర యొకడు. ఆయన 1816లో మదరాసున ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన ఉపోద్ఘాతమున వీని ప్రస్తావన కలదు. తిరుమల ఆలయమున వేలకొలది రాగిరేకులపై కావ్యములున్నవని విని, వానిని పరిశీలించుటకు ఆయన యొక దేశీయుని పంపెను. ఒక లక్షణగ్రంథము తప్ప తక్కినవన్నియు దేవుని పొగడు స్తోత్రములేయని తేలినంతనే ఆయన వానిని వదలివేసెను. వ్యాకరణమును వెదకువానికి పాటలు నిరర్థకములుగా తోచుట వింత కాదు. కాని, ఇవి స్తోత్రములు కనుక వీనియందు విచారింపదగిన యర్థమేమియు లేదను నభిప్రాయము ఆయనతోనే అంతరింపలేదు. భక్తిచే తలవంచి యర్థమును విడిచివేయుటయు దానికి మరియొక రూపమే.

ఇరువదవ శతాబ్దమున రేకులు వెలుగులోనికి వచ్చిన పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ మున్నగు పండితులు చేసిన సేవ తెలుగువారు మరువరానిది. చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమను ద్విపదకావ్యమును వేటూరివారు విపులమగు పీఠికతో 1949లో ప్రకటించిరి. ఈ చిన్నన్న అన్నమాచార్యునకు మనుమడు, పెదతిరుమలాచార్యునకు కుమారుడు. సంకీర్తనములతో నా కావ్యమును కలిపి చదువు నవకాశము మనకు ఆ ప్రకటనమువలన కలిగినది.

రేకుల స్వరూపమున మూడంశములు మన విచారమునకు ముఖ్యములు. మొదటిది: ప్రతి పాటకును రాగనామము కలదు కాని స్వరరచన లేదు. నేడు మనము వినుచున్న వరుసలు అధికభాగము ఇటీవలి సంగీతవిద్వాంసులు కూర్చినవి. కనుక వరుసను బట్టి కవి భావమును నిర్ణయింపరాదు. రెండవది: పాటలు అధ్యాత్మములు, శృంగారములు అని రెండు తెగలుగా విభజింపబడినవి. మొదటి రేకుపై అన్నమాచార్యుని నిర్యాణతిథియే కలదు. కావున ఆ రేకు ఆయన యనంతరము చెక్కబడినదనుట స్పష్టము. రేకులకెక్కిన క్రమమున పెదతిరుమలాచార్యుని చేతి పని చాల కలదని పండితుల మతము. మూడవది: పాటపై రాగము పేరున్నదే గాని, అది యెవరు యెవరితో చెప్పుచున్న మాటయో సూచించు పంక్తి లేదు. పాడువారికి ఆనాడది తెలిసియే యుండును. మనకది తెలియదు, తెలియదనియు మనము గుర్తింపలేదు.

3

శృంగారసంకీర్తనముల యర్థమును గూర్చి నేడు రెండు మతములు వ్యాపించియున్నవి. ఒక మతమువారు వీనియందు శృంగారము పైపూత యనియు, లోపల వేదాంతార్థమే కలదనియు చెప్పుదురు. వారికి నాయిక విరహము జీవుని సంసారతాపము, సమాగమము సాయుజ్యము. రెండవ మతమువారు ఇవి శుద్ధముగా శృంగారకావ్యములే యనియు, దేవుని పేరు ఆచారమునకై చివర చేర్పబడినదనియు చెప్పుదురు. ఒకరు శరీరమును తొలగించి యాత్మను చూపుదురు. మరియొకరు దేవుని తొలగించి శరీరమును చూపుదురు.

పరస్పరవిరుద్ధములుగా కనబడు ఈ రెండు మతములును ఒక్క విషయమున నేకీభవించుచున్నవి. రెండింటికిని కావలసినవారు ఇద్దరే: నాయిక, నాయకుడు. పాటను పలుకుచున్న మూడవ వ్యక్తి రెండింటికిని అక్కరలేదు. మొదటి మతమున చెలికత్తెకు తత్త్వమున స్థానము లేదు. రెండవ మతమున ఆమె వర్ణనకు సాధనము మాత్రమే. కాని సంకీర్తనసంపుటములను తెరచి చూచినచో చెలికత్తె పలుకునవి, చెలికత్తెతో పలుకునవి, నాయకునకు దూతిక విన్నవించునవి కోకొల్లలు. కవి యింత విరివిగా వాడుకొనిన పాత్రను విమర్శకుడు లెక్కింపకుండుట యుక్తము కాదు.

4

అలిపిరి వృద్ధుడు ప్రస్తావించిన 'ఏమొకో' సంకీర్తనమునే పరీక్షింతము. పల్లవియందు నాయిక పెదవిపై అక్కడక్కడ కస్తూరిమరకలు కనబడుచున్నవి. అవి ఆమె మగనికి పంపదలచిన జాబులోని యక్షరములేమో యని ఊహ. మొదటి చరణమున ఆమె కన్నుల కొనలు ఎర్రవారియున్నవి. ప్రియునియందు గ్రుచ్చుకొనిన చూపులను వెలికి లాగినపుడు అంటిన రక్తమేమో యని ఊహ. రెండవ చరణమున ఆమె వక్షమునందలి కాంతి పైటను దాటి ప్రకాశించుచున్నది. ప్రియుని గోటిగుర్తులు నెలవంకలు కనుక, వానినుండి వెలువడిన వేసవినాటి వెన్నెలయేమో యని ఊహ. మూడవ చరణమున చెక్కిళ్ల ప్రక్కన ముత్యములు రాలినట్లున్నది. అది తిరువేంకటపతి కౌగిటిలో పుట్టిన చెమటయేమో యని ఊహ. పాట ఇంతటితో ముగియును.

ఇందు మూడు విశేషములు గమనింపదగినవి. మొదటిది వక్త. మాటలాడుచున్నది ఒక చెలి. వినుచున్నవారు తక్కిన చెలులు. నాయిక అక్కడనే యున్నది కాని ఒక్క మాటయు పలుకదు. నాయకుడు అక్కడ లేడు. రాత్రి జరిగినది చెలులలో నెవ్వరును చూడలేదు. వారికి కనబడునవి గుర్తులు మాత్రమే. గుర్తులను బట్టి జరిగినదానిని తెలిసికొనుట పాటలోని వ్యాపారము. శాస్త్రపరిభాషలో చెప్పినచో ఇది వర్ణనము కాదు, అనుమానము. ప్రతి యూహయు నిషేధముతో కూడిన ప్రశ్నగా నుండుట కూడ దీనికనుగుణమే. చెలి నిశ్చయముగా చెప్పదు. కాని చెప్పకయు నుండదు.

రెండవది క్రమము. జాబు దూరమున నున్నవారికి వ్రాయునది. చూపు ఎదుటనున్నవానిపై ప్రసరించునది. గోటిగుర్తు స్పర్శ. చెమట ఆలింగనము. పల్లవినుండి చివరి చరణము వరకు దూరము క్రమముగా తరిగి శూన్యమగుచున్నది. చరణములను తారుమారు చేసినను, ఒకదానిని తీసివేసినను ఈ క్రమము భంగమగును.

మూడవది అలంకారము యొక్క నడక. ఇదియే నా దృష్టిలో ప్రధానము. పల్లవియందును మొదటి రెండు చరణములయందును చెలులు చూచినది సత్యము: కస్తూరి సత్యము, ఎరుపు సత్యము, కాంతి సత్యము. దానికి చెప్పబడిన కారణము ఉత్ప్రేక్ష: జాబు, రక్తము, వెన్నెల. చివరి చరణమున ఇది తలక్రిందులైనది. అక్కడ చూచినది ఉత్ప్రేక్ష, అనగా ముత్యములు. చెప్పబడిన కారణము సత్యము, అనగా చెమట. మూడుమారులు కల్పనతో సమాధానము చెప్పిన చెలి నాలుగవమారు ఉన్నదున్నట్లు చెప్పినది. ఆ సత్యము వెలువడిన చోటనే, అంతకు ముందు కాదు, స్వామి పేరు వినబడుచున్నది. అంతవరకు మగడు, ప్రియుడు అను సామాన్యనామములే కలవు. విశేషనామమును యథార్థమును ఒక్కసారిగా వచ్చుట యాదృచ్ఛికమని నేను భావింపజాలను. ముద్ర ఇక్కడ కవి వేసిన చేవ్రాలు కాదు. పాట యడిగిన ప్రశ్నకు సమాధానము.

5

ఈ సంకీర్తనమును గూర్చియే చిన్నన్న ఒక వృత్తాంతమును చెప్పియున్నాడు. సాళువ నరసింహరాయడు అన్నమాచార్యునిచే ఈ పదమును పాడించుకొని విని పరవశుడై, ఇట్టి పదమొకటి తనపై చెప్పుమని కోరెను. అన్నమాచార్యుడు చెవులు మూసికొని నిరాకరించెను. రాజు కినిసి ఆయనను సంకెలలో నుంచెను. స్వామిని కీర్తింపగా సంకెలలు ఊడిపడినవి. దీనిని సాధారణముగా భక్తుని నిర్భయత్వమునకు, భగవంతుని మహిమకు ఉదాహరణముగా చెప్పుదురు. అది నిజమే. కాని ఇందు అర్థమునకు సంబంధించిన వివాదమొకటి కూడ నిమిడియున్నది.

రాజు కోరినదేమి? ఆయన రసికుడు, పదము బాగుగా నున్నదని గ్రహించినవాడు. ఆయన దృష్టిలో చివరి చరణమునందలి పేరు ఒక ఖాళీ స్థానము. అక్కడ వేంకటపతికి బదులు తన పేరుంచినను పదము పదముగానే యుండునని ఆయన విశ్వాసము. నేటి రెండవ మతమువారి యభిప్రాయము కూడ నిదియే. పదము చెడునని అన్నమాచార్యుని పక్షము. వీరిలో నెవరిది యుక్తము?

రాజు పేరుంచి చూతము. ఒక స్త్రీ రాజుతో రాత్రి గడపెను. ఆమె దేహమున గుర్తులున్నవి. చెలులు వానిని చూచి యూహించుచున్నారు. ఇందు ఊహింపవలసిన యవసరమేమున్నది? రాజు అంతఃపురముననే యున్నాడు. ఎదుట కనబడువాడు, అడిగిన చెప్పువాడు. ప్రత్యక్షము సిద్ధముగా నున్నచోట అనుమానముతో పని లేదని తార్కికుల మాట. అప్పుడీ ప్రశ్నలన్నియు పరిహాసపు మాటలగును. పదము అందముగానే యుండును కాని దాని ప్రశ్నకు ప్రయోజనముండదు. వేంకటపతి పేరున్నప్పుడు ఆ నాయకుని సమాగమమును కన్నులార చూచినవారెవ్వరును లేరు. గుర్తులు తప్ప మరియొక ఆధారము లేదు. అప్పుడు ప్రశ్న ప్రాణవంతమైనది. కనుక కవి నిరాకరణము అభిమానమాత్రము కాదు; తన పదము పనిచేయు తీరును ఎరిగినవాని మాట.

ఈ విషయమున క్షేత్రయ్యతో పోల్చి చూచుట యుపకరించును. పదునేడవ శతాబ్దమువాడగు క్షేత్రయ్య మువ్వగోపాలుని ముద్రతో పదములు చెప్పెను; తంజావూరు విజయరాఘవనాయకుని పేర చెప్పిన పదములును కలవు. అవి రెండును పదములుగా నిలిచినవి. క్షేత్రయ్య పదమున నాయిక మనోవృత్తియే సర్వస్వము. నాయకుడెవ్వడైనను ఆ మనోవృత్తి చెడదు. ఇది క్షేత్రయ్యకు న్యూనత కాదు. రెండు రచనామార్గములు వేరు. క్షేత్రయ్యను చదువు పద్ధతితో అన్నమాచార్యుని చదువుటచే మనము పొరపడితిమి.

6

ఇక వృద్ధుని ప్రశ్న. చెలికత్తె యెవరు? దీనికి సమాధానము వెదకుటకు తెలుగు పదవాఙ్మయమును దాటి ఆళ్వారుల ప్రబంధములకు పోవలసియున్నది. అన్నమాచార్యుడు అహోబలమున శఠకోపయతియొద్ద వేదాంతమును అభ్యసించెనని చిన్నన్న చెప్పుచున్నాడు. అట్టివానికి నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళి సుపరిచితమనుట నిస్సంశయము. ఆ ప్రబంధమున ఆళ్వారు తన స్వరముతోనే గాక మూడు స్త్రీస్వరములతో పాడెను: నాయిక, ఆమె తల్లి, ఆమె చెలి. ఇవి ప్రాచీన తమిళ అకకవిత్వమునుండి వచ్చిన పాత్రలు.

శ్రీవైష్ణవవ్యాఖ్యాతలు ఈ మూడు స్వరములను ఒక్కటిగా కలిపివేయలేదు. అళగియ మణవాళ పెరుమాళ్ నాయనారు ఆచార్యహృదయమను గ్రంథమున వీనిని విడదీసి నిరూపించెను. చెలి స్వరము సంబంధజ్ఞానము: ఆత్మకును భగవంతునకును గల సంబంధమును తెలిసియుండుట. తల్లి స్వరము ఉపాయమునందలి నిశ్చయము. నాయిక స్వరము ఫలమును పొందుటయందలి త్వర. ఒకే ఆళ్వారు హృదయమునందలి మూడు దశలకు మూడు కంఠములు. ఈ గ్రంథమును అన్నమాచార్యుడు చదివెనో లేదో యిచట నిర్ణయింప పనిలేదు. వేదాంతార్థము చెప్పదలచినవారైనను వక్తను విస్మరింపరాదని, సంప్రదాయమే వక్తృభేదమును అర్థభేదముగా గ్రహించినదని చూపుటకే దీనిని ప్రస్తావించితిని. మనము నేడు చెప్పు జీవాత్మపరమాత్మల యన్వయము ఆ ప్రాచీనవ్యాఖ్య కాదు. దాని సంక్షేపము మాత్రమే. ఆ సంక్షేపమున చెలి జారిపోయినది.

ఈ వెలుగున 'ఏమొకో' పదమును మరల చూచినచో, కవి తాను నాయికనని చెప్పుకొనలేదు. స్వామి కౌగిలి తనకు లభించినదని ప్రకటింపలేదు. తాను చెలుల నడుమ కూర్చుండి, పొందినదాని ముఖమును చూచి, ఇది ఆయన గుర్తుయే గదా యని తోడివారితో చెప్పుచున్నాడు. సంబంధమును ఎరిగినవాడు కనుక గుర్తు పట్టగలిగెను. పాడువారును వినువారును ఆ చెలుల వరుసలోనివారే.

7

ఒక్క పదముతో సిద్ధాంతము నిలువదు. మరి రెండింటిని చూతము. 'పలుకు తేనెల తల్లి' అను సంకీర్తనమున నాయిక మగనితో రాత్రి గడపి తెల్లవారినను నిద్రించుచున్నది. ఆమె చెదరిన ముంగురులు, అలసట వర్ణితములు. సన్నివేశము 'ఏమొకో' పదమునకు దగ్గరగానే యున్నది. కాని ఇందలి వక్త నాయికను తల్లి యనుచున్నది. సమవయస్కురాలగు చెలి అట్లనదు. ఈమె పరిచారిక, భక్తురాలు. తల్లి నిద్రకు భంగము కలుగకుండ మెల్లగా చెప్పుచున్నది. అందుచే అవే గుర్తులు అక్కడ పరిహాసమునకును జిజ్ఞాసకును విషయములు కాగా, ఇక్కడ వాత్సల్యమునకును గౌరవమునకును విషయములైనవి. సంబోధనములోని ఒక్క పదము పదమంతటి రసమును మార్చినది. శృంగారము ఒక్కటే, వక్త వేరు. కావున అర్థము వేరు.

'ఏలే యేలే మరదలా' అనునది మరియొక తీరు. ఇది బావామరదళ్ల సంవాదము. బావ యొకటి యనగా మరదలు వేరొకటి యనును. మేనరికపు సరసము మన పల్లెలలో నెంత చనువుగా సాగునో అంత చనువు ఇందు కలదు. ఈ పాటలో మూడవ వ్యక్తి లేదు; వక్తలిద్దరును రంగముననే యున్నారు; బావ వేంకటాద్రి వాడే. 1997లో వెలువడిన 'అన్నమయ్య' చలనచిత్రమున ఈ పాట కవికిని ఆయన మరదళ్లకును నడుమ సంవాదముగా చిత్రింపబడినది. చలనచిత్రమునకు దాని యవసరము దానికి గలదు; దానిని దూషించుట నా యుద్దేశము కాదు. కాని ఆ చిత్రము ద్వారా ఈ పాటను ఎరిగిన విద్యార్థి, ఇది కవి తన మరదళ్లతో ఆడిన సరసమని భావించును. మాట యొకటియు మారలేదు, వక్త మారెను. దేవుడు బావయగుట యను అపూర్వభావము పోయి, కవి యౌవనవృత్తాంతము మిగిలెను. వక్తృనిర్ణయమునకు గల బలమును ఇంతకంటె స్పష్టముగా చూపు నిదర్శనము లేదు.

8

ఈ పరిశీలనమునుండి వేరొక యూహ కలుగుచున్నది. అధ్యాత్మ శృంగారవిభాగమును మనము విషయమును బట్టి చేసినదిగా తలంచుచున్నాము: వైరాగ్యము చెప్పినది అధ్యాత్మము, అనురాగము చెప్పినది శృంగారము. కాని ప్రాయికముగా అధ్యాత్మసంకీర్తనములలో నేను అనువాడు కవి, లేక కవితో సమానుడగు జీవుడు. శృంగారసంకీర్తనములలో నేను అనునది మరియొకరు: నాయిక, చెలి, దూతిక, పరిచారిక. కనుక ఈ విభాగమును విషయభేదమునకంటె వక్తృభేదముగా గ్రహించుట సుకరము. తన కంఠముతో పాడినవి కొన్ని, పరకంఠముతో పాడినవి కొన్ని. దీనికి అపవాదములు లేకపోలేదు. ఉత్సవములను, కొండను వర్ణించు పాటలలో వక్త ఎవరైనను కావచ్చును. వేలకొలది సంకీర్తనములను ఈ దృష్టితో పరిశీలించి పట్టికలు సిద్ధపరచిన పిమ్మట గాని దీనిని సిద్ధాంతముగా చెప్పరాదు. పరిశోధకవిద్యార్థులు పూనుకొనదగిన పని ఇది.

ఒక యాక్షేపము రాగలదు. జనులు భక్తితో పాడుకొను పాటలకు ఇంత విచారమెందుకు, వక్త యెవరైన నేమి, పుణ్యము పుణ్యమే కదా యని. పుణ్యమును నేను కాదనను. కాని అర్థమును విడిచినందువలన కలిగిన నష్టము పాటకే తగులుచున్నది. నేడు సభలలోను పోటీలలోను కాలము చాలదని పల్లవియు ఒక చరణమును మాత్రమే పాడుట సామాన్యమైనది. విడువబడునది తరచుగా చివరి చరణము. 'ఏమొకో' పదమున చివరి చరణమును విడిచినచో ప్రశ్నలు మిగులును, సమాధానము పోవును. సత్యము తప్ప అలంకారములన్నియు మిగులును. అన్నిటికంటె ముఖ్యముగా వేంకటపతి పేరు పోయి, ఆ స్థానము ఖాళీ యగును. సాళువ నరసింహరాయడు సంకెలలు వేయించియు సాధింపలేకపోయిన దానిని మన తొందరపాటు సులభముగా సాధించుచున్నది.

మరియొక యాక్షేపము లజ్జను గూర్చినది. కొందరు పెద్దలు ఇట్టి పదములను పిల్లలకు నేర్పుటకు వెనుకాడుదురు. నేర్పినచో వేదాంతార్థమను తెరను ముందుగా దించుదురు. తెర అవసరము లేదని నా మనవి. చెలి మాటలలో కుతూహలము కలదు, స్నేహము కలదు, నాయిక యదృష్టమునందు ఆనందము కలదు, అసభ్యత లేదు. ఒకరికి కలిగిన మేలును చూచి ఈర్ష్యపడక సంతోషించుట పిల్లలకు నేర్పదగిన గుణమే.

9

ఇంతవరకు చేసిన విచారమువలన తేలిన యంశములు ఇవి. శృంగారసంకీర్తనమును చదువునపుడు మొదట నిర్ణయింపవలసినది వక్త. పిమ్మట గమనింపవలసినది ముద్ర పాటలో ఏ పని చేయుచున్నదో. వేదాంతార్థము చెప్పదలచినచో ఈ రెండింటిని నిలుపుకొనియే చెప్పవలెను. ఆళ్వారుల వ్యాఖ్యాతలు మార్గము చూపియే యున్నారు. సంకీర్తనసంపుటములను మరల ముద్రించునపుడు రాగనామము ప్రక్కన 'చెలి చెలులతో', 'నాయిక నాయకునితో', 'దూతిక నాయకునితో' అని యొక చిన్న సూచన చేర్చినచో పాడువారికిని చదువువారికిని మేలగును. సందేహమున్నచోట సందేహమనియే వ్రాయవచ్చును.

అలిపిరి వృద్ధునకు నేను చెప్పవలసియుండిన సమాధానము ఇప్పుడు చెప్పగలను. పాదాల మండపమునొద్ద నిలిచి తలయెత్తి చూచినచో కనబడునది స్వామి కాదు, కొండ. 'అదివో అల్లదివో' యని అన్నమాచార్యుడు తోడివారికి చూపినదియు ఆ కొండనే. దర్శనము ఇంకను మూడువేల మెట్లకు పైనున్నది. అక్కడివారికి ఉన్నవి గుర్తులు మాత్రమే: కొండ, పైనుండి దిగివచ్చువారి ముఖములు, వారి నొసటి నామములు, వారి చేతి ప్రసాదము. దిగివచ్చువారిని చూచి, వీరు చూచి వచ్చినారు కదా యని ఎక్కువారు తమలో తాము చెప్పుకొందురు. ఆ చెప్పుకొనువారే చెలులు. ఆ పాటను ముప్పదియేండ్లుగా పాడుచున్న ఆయనయే ఆ చెలికత్తె. ఆ పదమును ఆయన అచ్చటనే, పిల్లల యెదుటనే, చివరి చరణము విడువకుండ పాడవచ్చును.